ఏళ్ల నిరీక్షణ తరువాత గ్రీన్‌కార్డు చివరి మెట్టు: ఐ-485 దరఖాస్తును సిద్ధం చేసుకోవడం ఎలా

అమెరికాలో హెచ్-1బి మీద పదేళ్లో పన్నెండేళ్లో పనిచేసిన భారతీయ ఉద్యోగికి శాశ్వత నివాస హక్కు ఒక్క దరఖాస్తుతో చేతికి రాదు. కార్మిక శాఖ దగ్గర సంస్థ వేసే పెర్మ్ అనే కార్మిక ధ్రువీకరణ దరఖాస్తు, ఇమిగ్రేషన్ వ్యవహారాలు చూసే యూఎస్‌సీఐఎస్ దగ్గర ఆ సంస్థే ఉద్యోగి కోసం వేసే ఐ-140 పిటిషన్, చివరగా ఉద్యోగి తన పేరిట, తన కుటుంబం పేరిట వేసుకునే ఐ-485 అని ఇందులో మూడు మెట్లున్నాయి. మొదటి రెండు మెట్లూ ఎక్కాక మూడో మెట్టు దగ్గరే బండి ఏళ్ల తరబడి ఆగిపోతుంది. ఈ వ్యాసం ఆ మూడో మెట్టు గురించి, అంటే ఐ-140 ఆమోదం పొంది డేటు కరెంట్ కావడం (వరుసలో తమ వంతు రావడం) కోసం ఎదురుచూస్తున్నవారు ఇప్పటినుంచే చేసుకోవలసిన పనుల గురించి.

ఆలస్యానికి కారణం చట్టంలోనే ఉంది. ఉద్యోగాల ఆధారంగా ఇచ్చే గ్రీన్‌కార్డులు ఏడాదికి సుమారు 1,40,000 అని 1990 నాటి ఇమిగ్రేషన్ చట్టం నిర్ణయించింది. ఈ సంఖ్యలో ఉద్యోగుల భార్యాభర్తలు, పిల్లలు కూడా కలిసే ఉంటారు. ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ ఇందులో 7 శాతానికి మించి వెళ్లకూడదన్న పరిమితి కూడా ఉండడంతో, దరఖాస్తుదారులు ఎక్కువగా ఉన్న భారతదేశపు వరుస మిగతా దేశాలకంటే ఎన్నో రెట్లు పొడవైంది. 2025 చివరి నెలల్లో కూడా భారతీయుల ఈబీ-2 (ఉన్నత డిగ్రీలవారు), ఈబీ-3 (మిగతా నిపుణులు) వరుసల తుది తేదీలు 2013 సంవత్సరంలోనే ఉన్నాయంటే పరిస్థితి అర్థమవుతుంది.

ఇంతకాలం ఆగినవారికి దరఖాస్తు వేసే అవకాశం మాత్రం ఒక్కోసారి ఒకటి రెండు నెలలపాటే తెరుచుకుంటుంది. 2020 అక్టోబరులో ఈబీ-3 దాఖలు తేదీ ఒక్కసారిగా 2015 జనవరి 1కి దూకినప్పుడు, కాగితాలు సిద్ధంగా ఉన్నవారు వేసేశారు. జనన ధ్రువపత్రం కోసం ఊరికి ఫోన్లు చేస్తూ కూర్చున్నవారిలో కొందరికి తేదీలు మళ్లీ వెనక్కి పోయాయి. కాబట్టి ఎదురుచూసే ఏళ్లన్నీ కాగితాలు కూడబెట్టుకునే ఏళ్లని నా అభిప్రాయం. ఆ కాగితాల్లో ఇబ్బంది పెట్టేవి చాలావరకు అమెరికావి కావు, మన ఊరివే.

డేటు ఎప్పుడు కరెంట్ అయినట్టు?

పెర్మ్ కార్మిక శాఖకు చేరిన రోజే మీ ప్రయారిటీ డేట్, అంటే వరుసలో మీ స్థానాన్ని నిర్ణయించే తేదీ. పెర్మ్ అవసరం లేని కోవల్లో ఐ-140 దాఖలైన రోజును తీసుకుంటారు. ఉద్యోగం మారి కొత్త సంస్థ మళ్లీ పెర్మ్, ఐ-140 వేసినా, మోసం, పొరపాటు వంటి కారణాలతో రద్దయితే తప్ప, పాత ఐ-140 తాలూకు తేదీ మీతోనే వస్తుంది. అందువల్ల పాత ఐ-140 ఆమోద నోటీసు ప్రతిని, కనీసం దాని రసీదు సంఖ్యను సంపాదించి పెట్టుకోవడం చాలా అవసరం. ఆ దరఖాస్తు సంస్థది కనుక కొన్ని సంస్థలు ఉద్యోగికి ప్రతి ఇవ్వవు. అలాంటప్పుడు సమాచార స్వేచ్ఛా చట్టం కింద యూఎస్‌సీఐఎస్‌నే అడిగి మీ ఫైలు ప్రతిని తెప్పించుకోవచ్చు. దీనికి నెలలు పట్టవచ్చు కాబట్టి అవసరం పడక ముందే అడగాలి.

విదేశాంగ శాఖ ప్రతి నెలా ప్రకటించే వీసా బులెటిన్‌లో రెండు పట్టికలు ఉంటాయి. తుది నిర్ణయ తేదీల పట్టిక గ్రీన్‌కార్డు ఎవరికి మంజూరు చేయవచ్చో చెబుతుంది. 2015 అక్టోబరు నుంచి వచ్చిన దాఖలు తేదీల పట్టిక దరఖాస్తును ఎవరు ముందుగా వేసుకోవచ్చో చెబుతుంది. ఏ నెలలో ఏ పట్టికను అనుసరించాలో యూఎస్‌సీఐఎస్ తన వెబ్‌సైటులో విడిగా ప్రకటిస్తుంది కనుక, బులెటిన్ ఒక్కటే చూసి సంబరపడకూడదు. ఇంకో చిన్న మెలిక కూడా ఉంది. పట్టికలోని తేదీకంటే మీ తేదీ ముందుండాలి, సమానంగా ఉంటే సరిపోదు. పట్టికలో మే 15 అని ఉంటే మే 14న, అంతకుముందు పెర్మ్ వేసినవారికే అవకాశం. మే 15వారు మరో నెల చూడవలసిందే.

బులెటిన్ సాధారణంగా ముందు నెల మధ్యలో వెలువడుతుంది. దరఖాస్తు ఆ నెల ఒకటో తేదీకి ముందు అందితే తిప్పి పంపుతారు, చివరి తేదీ దాటాక అందితే పట్టిక మారిపోయి ఉండవచ్చు. మీరు పోస్టు చేసిన తేదీని కాదు, వారికి అందిన తేదీనే లెక్కిస్తారు.

వరుసను నిర్ణయించేది పౌరసత్వం కాదు, పుట్టిన చోటు

ఇది చాలామంది గమనించని విషయం. ఏ దేశపు వరుసలో నిలబడాలన్నది పాస్‌పోర్టును బట్టి కాక, పుట్టిన దేశాన్ని బట్టి ఉంటుంది. పైగా భార్యాభర్తల్లో ఒకరు వేరే దేశంలో పుట్టి ఉంటే ఆ దేశపు వరుసను ఇద్దరూ వాడుకోవచ్చు. కరీంనగర్, నిజామాబాద్, కడప, తూర్పు గోదావరి వంటి జిల్లాల నుంచి గల్ఫ్‌కు వెళ్లిన కుటుంబాల్లో కువైట్‌లోనో మస్కట్‌లోనో పుట్టి పదో తరగతికల్లా హైదరాబాద్ తిరిగొచ్చిన పిల్లలు ఎందరో ఉన్నారు. అలాంటివారిని పెళ్లి చేసుకున్న ఉద్యోగికి పన్నెండేళ్ల నిరీక్షణ అవసరమే లేకపోవచ్చు. పిల్లలు పుట్టిన దేశాన్ని తల్లిదండ్రులు ఇలా వాడుకోవడానికి మాత్రం వీలు లేదు. మీ ఇంట్లో ఎవరు ఎక్కడ పుట్టారో న్యాయవాది తనంతట తాను అడగకపోవచ్చు, మీరే చెప్పాలి.

ఊరి నుంచి రావలసిన కాగితాలు

ఐ-485తో పాటు కుటుంబంలో ప్రతి ఒక్కరికీ జనన ధ్రువపత్రం ఇవ్వాలి. జనన మరణాల నమోదు చట్టం 1969లో వచ్చి, దేశంలో ఎక్కువ భాగంలో 1970 ఏప్రిల్ 1 నుంచి అమలైంది. అయినా 1980లలో పల్లెల్లో, అందులోనూ ఇంటి దగ్గర మంత్రసాని చేతుల మీదుగా పుట్టినవారి పేర్లు పంచాయతీ రిజిస్టరులో లేకపోవడం సర్వసాధారణం. ఆసుపత్రిలో పుట్టినవారి నమోదులో కూడా బిడ్డ పేరు గడి ఖాళీగా ఉండి, తల్లిదండ్రుల పేర్లు, ఆడో మగో, తేదీ మాత్రమే ఉంటాయి.

ముందుగా మీరు పుట్టిన చోటి మునిసిపాలిటీలోనో గ్రామ పంచాయతీలోనో రికార్డు ఉందేమో వెతికించాలి. రికార్డు ఉండి పేరు లేకపోతే పేరు చేర్పించాలి. రికార్డే లేకపోతే రెండు దారులున్నాయి. ఏడాది దాటిన జననాన్ని ఆలస్యంగా నమోదు చేయడానికి పూర్వం ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేటు ఉత్తర్వు కావాలని చట్టం చెప్పేది. 2023 అక్టోబరు 1 నుంచి అమలైన సవరణ ఆ అధికారాన్ని జిల్లా మేజిస్ట్రేటుకు, సబ్ డివిజనల్ మేజిస్ట్రేటుకు, అంటే మన దగ్గర ఆర్డీఓకు, లేదా జిల్లా మేజిస్ట్రేటు అధికారమిచ్చిన ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేటుకు ఇచ్చింది. రెండో దారి, రికార్డు లేదని స్థానిక అధికారి చేత నాన్ అవైలబిలిటీ సర్టిఫికెట్ రాయించుకుని, దానికి ఇతర ఆధారాలను జతచేయడం.

ఏ దారిలో వెళ్లినా ఇతర ఆధారాలు జతచేయడమే మంచిదని చెబుతాను, ఎందుకంటే పుట్టిన ముప్పై ఏళ్లకు నమోదైన ధ్రువపత్రం ఒక్కదాన్ని చూసి అధికారి తృప్తి పడకపోవచ్చు. పదో తరగతి మార్కుల మెమో వీటిలో ముఖ్యమైనది. దాని తరువాత పుట్టిన సంగతి నేరుగా తెలిసిన ఇద్దరు పెద్దల అఫిడవిట్లు కావాలి. అమ్మానాన్నలు ఉంటే వారివే శ్రేష్ఠం, లేకపోతే అప్పటికి తగిన వయసున్న మేనమామ, పెద్దమ్మ, అత్తయ్య వంటివారివి. అఫిడవిట్ రాసేవారి పూర్తి పేరు, పుట్టిన తేదీ, చిరునామా, మీకు ఏమవుతారు, మీ పుట్టుక వారికి ఎలా తెలుసు, మీ పేరు, పుట్టిన తేదీ, ఊరు, మీ తల్లిదండ్రుల పూర్తి పేర్లు ఇవన్నీ అందులో ఉండాలి. నోటరీ దగ్గర దొరికే అచ్చు నమూనాలో ఖాళీలు నింపి తెచ్చేది సాధారణంగా ఇంత వివరంగా ఉండదు కాబట్టి, పాఠం మీరే తయారుచేసి పంపండి. ఆ పెద్దలు ఆరోగ్యంగా ఉండగానే ఈ పని చేయించుకోవాలన్నది చెప్పడానికి ఇబ్బందికరమైన మాటే అయినా చెప్పక తప్పదు.

అమెరికాలోని భారత కాన్సులేట్ పాస్‌పోర్టు చూసి ఇచ్చే జనన ధ్రువపత్రంతో పని అయిపోతుందని కొందరు అనుకుంటారు. అది పాస్‌పోర్టులోని వివరాన్ని తిరిగి రాసినదే తప్ప పుట్టినప్పటి నమోదు కాదు కనుక, దాన్ని తోడు కాగితంగా పెట్టవచ్చుగానీ దాని మీదే ఆధారపడకూడదు.

పేర్ల సంగతి మరీ చిక్కు. ఇంటిపేరు మెమోలో ముందు అక్షరంగా ఉండి, పాస్‌పోర్టులో పూర్తి సర్‌నేమ్‌గా మారుతుంది. కొందరి పాస్‌పోర్టుల్లో పేరంతా ఒకే గడిలో పడి, అమెరికా వీసాలో సొంత పేరు (గివెన్ నేమ్) తెలియదన్న అర్థంలో ఎఫ్ఎన్‌యూ అని పడుతుంది. నాన్నగారి పేరు ఒకచోట వెంకటేశ్వరరావు, మరోచోట వెంకటేశ్వర్లు, ఇంకోచోట వి. రావు. అమ్మ పేరు పెళ్లికి ముందు ఒక ఇంటిపేరుతో, తరువాత మరో ఇంటిపేరుతో ఉంటుంది. ఇవన్నీ ఒకే మనిషి పేర్లని చెప్పే అఫిడవిట్ ఒకటి, వీలైతే తహసీల్దారు కార్యాలయం నుంచి ధ్రువీకరణ ఒకటి తీసుకుని ఉంచుకోవాలి. ఐ-485లో గతంలో వాడిన ఇతర పేర్లన్నీ రాయమని అడిగే చోట ఈ రూపాలన్నింటినీ రాయడం మరవకూడదు.

బడిలో చేర్చేటప్పుడు మాస్టారు వేసిన పుట్టిన తేదీ, అసలు తేదీ వేరైన సందర్భాలు మన తరంలో కోకొల్లలు. ఇప్పుడు రికార్డు వెతికిస్తే పాస్‌పోర్టుకు సరిపోని తేదీ బయటపడవచ్చు. అలా జరిగితే దాన్ని దాచిపెట్టి కొత్త నమోదు చేయించుకోవడానికి ప్రయత్నించకుండా, న్యాయవాదితో మాట్లాడి తేడా ఎందుకొచ్చిందో వివరించే కాగితాలు సమకూర్చుకోవాలి. తేదీలో తేడా ఉంటే వివరణ ఇచ్చుకోవచ్చు. తప్పుడు పత్రం ఇచ్చినట్టు తేలితే ఆ మచ్చ జీవితాంతం ఉంటుంది.

ఊరి పేర్లలోనూ ఇటీవల కొత్త గందరగోళం వచ్చింది. 2014లో రాష్ట్రం విడిపోయింది; 2016లో తెలంగాణలో, 2022లో ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాలను విభజించారు. అందువల్ల పాస్‌పోర్టులో ఖమ్మం జిల్లా, ఆంధ్రప్రదేశ్ అని ఉన్నవారికి కొత్తగా తీసిన జనన ధ్రువపత్రంలో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా, తెలంగాణ అని రావచ్చు. ఇది పెద్ద సమస్య కాదు. పునర్విభజన జరిగిందని రెండు వాక్యాల్లో వివరిస్తూ ఒక కాగితం జతచేస్తే సరిపోతుంది.

పెళ్లి విషయంలో సబ్ రిజిస్ట్రారు ఇచ్చిన వివాహ ధ్రువపత్రం కావాలి. అన్నవరంలోనో తిరుమలలోనో పెళ్లి చేసుకుని దేవస్థానం రసీదు దాచుకున్నవారు దానితోనే సరిపెట్టుకోకుండా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. గతంలో వేరే పెళ్లి జరిగి ఉంటే ఆ విడాకుల కోర్టు డిక్రీ కూడా కావాలి. తెలుగులో ఉన్న ప్రతి కాగితానికీ ఇంగ్లీషు అనువాదం, తనకు రెండు భాషలూ వచ్చనీ అనువాదం సంపూర్ణమనీ సరైనదనీ అనువాదకుడు సంతకం చేసిన ధ్రువీకరణ ఉండాలి. ఆ అనువాదకుడికి లైసెన్సు ఉండాలన్న నియమం లేదు. తెలుగు, ఇంగ్లీషు బాగా వచ్చిన స్నేహితుడు చేసినా చెల్లుతుంది. దరఖాస్తుదారు తానే చేసుకోకపోవడం మేలు.

అమెరికా కాగితాలు

వీటి గురించి ఎక్కువ చెప్పనక్కర లేదు. మొదటిరోజు నుంచి వచ్చిన ఐ-797 ఆమోద నోటీసులు, దేశంలోకి ప్రవేశించిన రికార్డులైన ఐ-94లు, విద్యార్థిగా ఉన్నప్పటి ఐ-20లు, పాత పాస్‌పోర్టుల అన్ని పుటలు, ఏటా సంస్థ ఇచ్చే జీతం, పన్నుల పత్రాలైన డబ్ల్యూ-2లు, పన్ను రిటర్నులు, జీతం రసీదులు ఒకే చోట ఉంచుకోవాలి. పాస్‌పోర్టు రెన్యూవల్ అయ్యాక పాతది పారేయకూడదు. ఉద్యోగాల మధ్య ఖాళీ వచ్చి స్థితి తప్పిన రోజులు ఉన్నవారు భయపడి దాచుకోవలసిన పని లేదు. చివరిసారి దేశంలోకి ప్రవేశించిన నాటి నుంచి అలాంటి రోజులు మొత్తం 180 దాటనంతవరకు, ఉద్యోగ ఆధారిత దరఖాస్తుదారులకు చట్టంలోని 245(కె) సెక్షన్ మినహాయింపు ఇస్తుంది.

ఐ-140 ఎప్పుడో ఆమోదమై ఇప్పుడు ఐ-485 వేసేవారు, ఆ ఉద్యోగం ఇంకా ఉందని సంస్థ సంతకం చేసిన సప్లిమెంట్ జె కూడా జతచేయాలి. సంస్థలో ఈ సంతకం ఎవరు పెడతారో, దానికి ఎన్ని రోజులు పడుతుందో ముందే తెలుసుకోండి. న్యాయవాది ఫీజు సంస్థే కడుతుంటే ఆయన సంస్థకూ మీకూ ఇద్దరికీ ప్రతినిధి అని గుర్తుంచుకుని, ఉద్యోగం మారే ఆలోచన వంటి విషయాల్లో సొంతంగా మరొక న్యాయవాదికి గంట ఫీజు ఇచ్చి సలహా తీసుకోవడం వృథా ఖర్చు కాదు.

ఇరవై ఒకటి దగ్గరపడుతున్న పిల్లలు

పెళ్లికాని, 21 ఏళ్లు నిండని పిల్లలే తల్లిదండ్రుల దరఖాస్తుతో పాటు వేసుకోగలరు. ఇంత పొడవైన వరుసలో చిన్నప్పుడు వచ్చిన పిల్లలు ఆ వయసు దాటిపోవడం ఈ వ్యవస్థలోని అతి పెద్ద అన్యాయమని నేననుకుంటాను. పిల్లల హోదా రక్షణ చట్టం కొంత ఊరట ఇస్తుంది. వీసా అందుబాటులోకి వచ్చిన రోజున పిల్లల వయసులోంచి, ఐ-140 నిర్ణయం కోసం ఎన్ని రోజులు పెండింగ్‌లో ఉందో అన్ని రోజులు తీసేసి లెక్కిస్తారు. ఉదాహరణకు ఆ రోజున అమ్మాయికి 21 ఏళ్ల 5 నెలలు ఉండి, ఐ-140 ఎనిమిది నెలలు పెండింగ్‌లో ఉంటే, చట్టం లెక్కలో ఆమెకు 20 ఏళ్ల 9 నెలలే. ఆ తరువాత ఏడాదిలోపు దరఖాస్తు వేయాలి.

ఇక్కడ ఒక తిరకాసు ఉంది. అదనపు ఫీజు కట్టి ప్రీమియంలో ఐ-140ని పదిహేను పనిదినాల్లో తెచ్చుకున్నవారికి తీసివేసుకోవడానికి ఆ కొద్ది రోజులే మిగులుతాయి. హెచ్-1బి ఆరేళ్ల పరిమితి దగ్గరపడి, మూడేళ్ల పొడిగింపు కోసం ఆమోదం వెంటనే కావలసినవారికి ప్రీమియం తప్పదు. ఆ తొందర లేక, ఇంట్లో ఎదిగే పిల్లలున్నవారు మాత్రం ఒకసారి లెక్కవేసుకుని నిర్ణయించుకోవాలి. ఇంకో సంగతి, 2025 ఆగస్టు 15 నుంచి దాఖలైన దరఖాస్తులకు ఈ వయసు లెక్కలో తుది నిర్ణయ తేదీల పట్టికనే తీసుకుంటున్నారు. అంటే దాఖలు తేదీల పట్టికను బట్టి ముందుగా దరఖాస్తు వేసినా వయసు అక్కడితో ఆగిపోదు.

వైద్య పరీక్ష

ఐ-693 అనే వైద్య నివేదికను యూఎస్‌సీఐఎస్ గుర్తించిన సివిల్ సర్జన్ దగ్గరే చేయించుకోవాలి. మీ కుటుంబ వైద్యుడికి ఆ గుర్తింపు లేకపోతే ఆయన ఇచ్చేది చెల్లదు. 2024 డిసెంబరు 2 నుంచి ఈ నివేదికను ఐ-485తో పాటే పంపడం తప్పనిసరి అయింది. బులెటిన్ వచ్చిన వారంలో సివిల్ సర్జన్ల దగ్గర అపాయింట్‌మెంట్లు దొరకడం కష్టమవుతుంది కాబట్టి, తేదీ దగ్గరికి వస్తోందనిపించినప్పుడే టీకాల పని మొదలుపెట్టాలి. ఎంఎంఆర్, టీడ్యాప్, చికెన్‌పాక్స్, హెపటైటిస్ బి టీకాలు చిన్నప్పుడు వేయించుకున్నట్టు కాగితం లేనివారు మళ్లీ వేయించుకోవచ్చు, లేదా టీడ్యాప్ తప్ప మిగతావాటికి రక్తంలో రోగనిరోధక శక్తి ఉందో లేదో పరీక్ష చేయించుకుని చూపవచ్చు. కోవిడ్ టీకా షరతును 2025 జనవరిలో ఎత్తేశారు.

క్షయ పరీక్షను ఐజీఆర్ఏ అనే రక్తపరీక్షతో చేస్తారు. చిన్నప్పుడు భుజం మీద వేసిన బీసీజీ టీకా వల్ల పాత చర్మ పరీక్షలో వచ్చినట్టు ఇందులో తప్పుడు పాజిటివ్ రాదు. పాజిటివ్ వస్తే ఛాతీ ఎక్స్‌రే తీస్తారు. అందులో జబ్బు లేదని తేలితే, నిద్రాణంగా ఉన్న క్షయ కారణంగా గ్రీన్‌కార్డు ఆగదు. గర్భంతో ఉన్నవారికి ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ టీకాలు వేయరు, దానికి నివేదికలోనే మినహాయింపు ఉంది. పని అయ్యాక నివేదికను సీలు వేసిన కవరులో ఇస్తారు. ఆ కవరును విప్పకూడదు. మీ కోసం ఒక ప్రతిని విడిగా అడిగి తీసుకోండి.

ఫారం నింపడం, ఫీజు కట్టడం

ఐ-485లో చివరి అయిదేళ్ల చిరునామాలు, ఉద్యోగాలు ఖాళీ లేకుండా రాయాలి. అర్హతకు సంబంధించిన ప్రశ్నల పుటలు అసలు కష్టం. అన్నింటికీ కాదు అని గీసుకుంటూ పోవడం మనవాళ్ల అలవాటు, కానీ కొన్నింటి దగ్గర ఆగాలి. ఎప్పుడైనా ఏ సంఘంలోనైనా సభ్యులుగా ఉన్నారా అన్న ప్రశ్నకు తానా, ఆటా వంటి తెలుగు సంఘాల్లో, గుడి కమిటీల్లో సభ్యత్వం కూడా జవాబే. ఆయుధ శిక్షణ పొందారా అని అడిగినచోట కాలేజీ రోజుల ఎన్‌సీసీలో రైఫిల్ పట్టినవారు అవునని రాసి వివరణ ఇవ్వడమే సబబు.

కమ్యూనిస్టు పార్టీ సభ్యత్వం గురించిన ప్రశ్న మన ప్రాంతాలవారికి ఊహాజనితం కాదు. నల్గొండ, ఖమ్మం, కృష్ణా జిల్లాల్లో చదువుకుని విద్యార్థి సంఘాల్లో తిరిగినవారు ఎందరో ఉన్నారు. పదహారేళ్ల లోపు చేరిన సభ్యత్వానికి, ఇష్టం లేకుండా అంటగట్టిన సభ్యత్వానికి, దరఖాస్తుకు కనీసం రెండేళ్ల ముందే ముగిసిన సభ్యత్వానికి చట్టంలో మినహాయింపులున్నాయి. కాబట్టి దాచడం కంటే న్యాయవాదికి చెప్పి సరిగా రాయించుకోవడం క్షేమం. అరెస్టు అయి ఉంటే, కేసు కొట్టేసినా సరే, కోర్టు ధ్రువీకరించిన తీర్పు ప్రతి కావాలి. మద్యం తాగి నడిపిన కేసును మామూలు ట్రాఫిక్ జరిమానాగా భావించి వదిలేయకూడదు.

2024 ఏప్రిల్ 1న అమలులోకి వచ్చిన ఫీజుల ప్రకారం ఐ-485కు 1,440 డాలర్లు. తల్లితోనో తండ్రితోనో కలిసి వేసే 14 ఏళ్లలోపు పిల్లలకు 950. పని అనుమతి కార్డు ఈఏడీకి 260, ప్రయాణ అనుమతి అడ్వాన్స్ పెరోల్‌కు 630 విడిగా కట్టాలి. ఇద్దరు పెద్దలు, ఇద్దరు చిన్నపిల్లలున్న ఇంటికి ఐ-485లకే 4,780 డాలర్లు, పెద్దలిద్దరి ఈఏడీ, పెరోల్ కలిపితే 6,560. న్యాయవాది, వైద్య పరీక్ష ఖర్చు దీనికి అదనం. 2025 అక్టోబరు 28 తరువాత కాగితపు చెక్కులు తీసుకోవడం లేదు. కార్డు ద్వారా అయితే జి-1450, బ్యాంకు ఖాతా నుంచి అయితే జి-1650 ఫారాన్ని ప్రతి దరఖాస్తుకూ విడివిడిగా జతచేయాలి. ఫీజు, ఫారం ఎడిషన్ తేదీ, పంపవలసిన చిరునామా ఈ మూడింటినీ పంపే రోజు ఉదయం మరోసారి సరిచూసుకోవాలి, ఎందుకంటే ఈ మూడింటిలో ఏది తప్పినా పెట్టె మొత్తం తిరిగొస్తుంది. అప్పటికి ఆ నెల గడిచిపోయి ఉండవచ్చు.

పంపిన తరువాత

రసీదు నోటీసు, దాని వెంట వేలిముద్రల పిలుపు వస్తాయి. తేదీలు వెనక్కి పోయినా వేసిన దరఖాస్తు అలాగే ఉంటుంది, మంజూరు మాత్రమే ఆగుతుంది. ఈఏడీ రాగానే హెచ్-1బిని వదిలేయాలని చాలామందికి అనిపిస్తుంది. నా సలహా, వీలున్నంతకాలం హెచ్-1బిని కాపాడుకోవడమే. ఐ-485 ఏ కారణం చేతనైనా తిరస్కరణకు గురైతే నిలబడడానికి అదొక్కటే ఆధారం, జీవిత భాగస్వామి హెచ్-4 కూడా దాని మీదే ఆధారపడి ఉంటుంది. పైగా 2025 డిసెంబరు 5 నుంచి ఐ-485 ఆధారంగా ఇచ్చే ఈఏడీల కాలపరిమితిని అయిదేళ్ల నుంచి 18 నెలలకు తగ్గించారు. 2025 అక్టోబరు 30 నుంచి వేసిన రెన్యూవల్ దరఖాస్తులకు ఆటోమేటిక్ పొడిగింపు కూడా తీసేశారు. ఈఏడీ మీద పనిచేసేవారు గడువుకు ఆరు నెలల ముందే రెన్యూవల్ వేయాలి, లేకపోతే ఉద్యోగం మధ్యలో ఆగిపోయే ప్రమాదం ఉంది.

అడ్వాన్స్ పెరోల్ చేతికి రాకుండా దేశం దాటితే దరఖాస్తును వదులుకున్నట్టే లెక్క. చెల్లుబాటయ్యే హెచ్-1బి, హెచ్-4 వంటి వీసాల మీద తిరిగొచ్చేవారికి మాత్రం ఈ నియమం వర్తించదు. అయితే పాస్‌పోర్టులో వీసా స్టాంపింగ్ గడువు ముగిసినవారు హైదరాబాద్ కాన్సులేట్‌లో అపాయింట్‌మెంటు దొరుకుతుందో లేదో చూసుకున్నాకే టికెట్ కొనుక్కోవాలి.

ఐ-485 వేసి 180 రోజులు దాటాక, ఐ-140 ఆమోదమై ఉంటే, అదే తరహా పనిలో మరో సంస్థకు మారవచ్చు. కొత్త సంస్థ చేత సప్లిమెంట్ జె వేయించాలి. అదనపు ఆధారాలు అడుగుతూ ఆర్ఎఫ్ఈ వస్తే, అడిగినవన్నీ ఒకే జవాబులో, గడువులోగా పంపాలి. సగం ఇప్పుడు, సగం తరువాత అంటే పంపినదాన్నే తుది జవాబుగా తీసుకుని నిర్ణయిస్తారు. ఇల్లు మారితే పది రోజుల్లోపు ఏఆర్-11 ద్వారా తెలియజేయాలి. యూఎస్‌సీఐఎస్ ఉత్తరాలను పోస్టాఫీసు కొత్త చిరునామాకు మళ్లించదు, గ్రీన్‌కార్డులు పాత అపార్టుమెంటు డబ్బాలో పడి పోయిన సందర్భాలు లేకపోలేదు.

కార్డు వచ్చిన రోజే పేరు, పుట్టిన తేదీ, కోవ సరిగా ఉన్నాయో లేదో చూసి, తప్పుంటే ఐ-90తో సరిచేయించుకోవాలి. ఇంట్లో 18 నుంచి 26 ఏళ్ల మధ్య అబ్బాయి ఉంటే సెలెక్టివ్ సర్వీస్ (అవసరమైతే సైన్యంలోకి పిలవడానికి ఉంచే జాబితా) నమోదు జరిగిందో లేదో చూసుకోవాలి. పంపిన దరఖాస్తు మొత్తం ప్రతిని, ఊరి నుంచి తెప్పించిన అసలు కాగితాలతో సహా, పదిలంగా దాచిపెట్టండి. అయిదేళ్ల తరువాత పౌరసత్వానికి వేసే ఎన్-400లో ఇవే ప్రశ్నలు మళ్లీ వస్తాయి, అక్కడి జవాబులు ఇక్కడ రాసినవాటితో సరిపోవాలి.